మావయ్యగారూ, మూతపడిన రికార్డుల షాపూ

మా మావయ్యగారు పోయారన్న కబురు నాకు కాలేజీలో, ఒక క్లాసుకు పాఠం చెప్పి ఇంకో క్లాసుకు వెళ్తుండగా తెలిసింది. పొద్దున చెరువుగట్టు దాకా వెళ్ళొచ్చి, ఎండగా ఉందంటూ వరండాలో మంచం మీద నడుం వాల్చారట. అత్తయ్యగారు మజ్జిగ కలిపి తెచ్చేసరికి పలకలేదు. మా ఆయన ఫోన్లో "నాన్న లేరు, వచ్చెయ్" అన్నారు. భీమవరం నుంచి మా ఊరికి ఆటోలో వస్తుంటే దారి పొడవునా ఐసు లారీలు, మేత బస్తాల వ్యాన్లు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి. ఆయన లేని రోజు కూడా వాటికి ఇంత హడావుడి ఏమిటా అనిపించింది.

ఊళ్ళో అందరికీ ఆయన వరి మానేసి రొయ్యల చెరువులు తవ్వించిన రైతు. పేపర్లో వేయించిన ఫొటో కింద కూడా అంతే రాశారు. అది తప్పు కాదు గానీ, నేను ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో మసలిన మనిషి అందులో లేరు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో, కోడలు కదా, వంట ఏమొచ్చు, పూజ ఏం చేస్తావు అని అడుగుతారనుకున్నాను. ఆయన నన్ను వరండా పక్కనున్న చిన్నగదిలోకి పిలిచి, గోడవారంతా నిండి ఉన్న గ్రామఫోను రికార్డులు చూపించి, "అమ్మా, పాట వినేటప్పుడు మాట్లాడే అలవాటుందా నీకు?" అని అడిగారు.

"ఉందండి. మానేస్తాను," అన్నాను భయంగా.

"మానెయ్యడం ఎందుకూ? రికార్డు అవతలి వైపుకి తిప్పేటప్పుడు మాట్లాడుకుందాం," అన్నారు.

నిజంగా అలాగే జరిగింది. నా ఉద్యోగం గురించీ, మా అమ్మ ఆరోగ్యం గురించీ, పుట్టబోయే పిల్లకు పెట్టాల్సిన పేరు గురించీ ఆయనతో మాట్లాడుకున్న మాటలన్నీ, ఒక వైపు అయిపోయి రెండో వైపు మొదలయ్యే ఆ కాస్త సందులోనే. ముల్లు ఆనగానే ఇద్దరం నోరు మూసుకునేవాళ్ళం. మధ్యలో నేను కుక్కరు కూతకు లేస్తే, "పాట మధ్యలో లేవడం అన్నం మధ్యలో లేవడం లాంటిదమ్మా," అనేవారు. అత్తయ్యగారికి ఆ గొడవే పట్టేది కాదు. ఆవిడ రికార్డులను 'నల్లట్లు' అనేవారు. "మీ మావయ్యగారు ఆ నల్లట్లు ముందేసుకున్నారంటే ఇంటికి ఎవరొచ్చినా కనపడరు," అని వచ్చిన చుట్టాలతో చెప్పేవారు. అయినా ఆయన చెరువుల దగ్గరికి వెళ్ళినప్పుడు ఆ గది తుడిచేది ఆవిడే. పనిమనిషిని అందులోకి రానిచ్చేవారు కాదు.

ఆ రికార్డుల్లో చాలా మటుకు రాజమండ్రిలో ఒకే షాపులో కొన్నవి. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఉండేది. మా పుట్టిల్లు కూడా రాజమండ్రే కావడంతో, నన్ను పుట్టింటికి దిగబెట్టడం ఆయనకు మంచి సాకు. స్టేషన్లో దిగగానే, "ఒక్క పది నిమిషాలమ్మా, షాపులో తొంగి చూసి వెళ్దాం," అనేవారు. ఆ పది నిమిషాల తర్వాత మా నాన్న స్కూటరేసుకుని షాపుకే వచ్చి నన్ను తీసుకెళ్ళేవారు. మావయ్యగారు సాయంత్రం బండి దాకా అక్కడే.

షాపు ముందు భాగంలో కాసెట్లు, తర్వాత్తర్వాత సీడీలు ఉండేవి. రికార్డులు వెనకగదిలో. కొనేవాళ్ళు తగ్గిపోయినా షాపాయన వాటిని తీసెయ్యలేదు. గల్లా పక్కన ఒక ప్లేయరు, ఎదురుగా గోడకానించి ఒక పొడుగు బల్ల. అక్కడ ఒక నియమం ఉండేది. ఏ రికార్డైనా ముందు విని, తర్వాతే కొనాలి. వినేసి కొనకుండా వెళ్ళినా ఏమీ అనేవారు కాదు. బట్టల కొట్టు గుమాస్తా ఒకాయన మధ్యాహ్నం అన్నం తిని వచ్చి, రోజూ ఒకే హరికథ ఒక వైపు విని వెళ్ళేవారు. ఆయన దాన్ని ఎప్పుడూ కొనలేదు, షాపాయన ఇంకెవరికీ అమ్మలేదు.

మావయ్యగారికీ షాపాయనకీ మధ్య పేర్లు లేవు. ఈయన ఆయన్ని 'షాపుగారూ' అనేవారు. ఆయన ఈయన్ని 'రైతుగారూ' అనేవారు. మా అత్తయ్యగారు పెట్టిన మాగాయ సీసా ఇటు నుంచి వెళ్ళేది, అటు నుంచి ఆత్రేయపురం పూతరేకులు వచ్చేవి. ఒకసారి మావయ్యగారు ఒక పాత పద్యాల రికార్డు పెట్టించుకుంటే అది ఒక చోట పదేపదే అదే ముక్క పాడింది.

"గీత పడిందండి. వేరేది చూద్దాం," అన్నారు షాపాయన.

"ఉంచండి షాపుగారూ. ఎవరో ఆ పద్యం అక్కడే మళ్ళీ మళ్ళీ పెట్టుకుని ఉంటారు. అంత నచ్చిందన్నమాట," అన్నారు మావయ్యగారు. దాన్నే ఇంటికి తెచ్చారు. ఆ ముక్క రాగానే చూపుడువేలితో ముల్లును కొద్దిగా ముందుకు నెట్టేవారు, పిల్లను కాలవ దాటించినట్టు.

ఇలా సాగుతుండగా ఒక ఏడు మా చెరువుల్లో రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. పంట మొత్తం పోయింది. మావయ్యగారు నెలల తరబడి రాజమండ్రి వెళ్ళలేదు. ఇల్లు కాస్త కుదుటపడ్డాక, మా అమ్మకు ఒంట్లో బాగోలేదని నేను బయలుదేరితే ఆయన కూడా వచ్చారు. బండి దిగి సందులోకి తిరిగాం. షాపు తలుపులు తీసి ఉన్నాయి గానీ లోపల సున్నం వేస్తున్నారు. గల్లా లేదు, బల్ల లేదు, వెనకగది ఖాళీ.

పక్కన టీ కొట్టతను మావయ్యగారిని గుర్తుపట్టాడు. "అయ్యో, మీకు తెలీదాండీ? మూసేసి నెల దాటిందండి. రికార్డులన్నీ బెంగళూరు నుంచి ఎవరో వచ్చి వ్యాన్లో ఎక్కించుకుపోయారండి. అక్కడ కాఫీ హోటళ్ళలో పెట్టుకుంటారంటండి," అన్నాడు.

మావయ్యగారు టీ తీసుకున్నారు, తాగలేదు. షాపాయన ఇల్లు రెండు సందుల అవతలే. "వెళ్దామా మావయ్యగారూ?" అని అడిగాను. "చెప్పలేదు కదమ్మా," అన్నారు. అంతే. ఆ సాయంత్రం బండికే వెనక్కి వెళ్ళిపోయారు.

నాలుగు రోజుల తర్వాత షాపాయన మా ఇంటికి ఫోన్ చేశారట. మావయ్యగారు గదిలోనే ఉండి, చెరువుకి వెళ్ళారని చెప్పమన్నారు. అత్తయ్యగారు అలాగే చెప్పారు. మళ్ళీ ఆ ఫోన్ రాలేదు, ఈయనా చెయ్యలేదు. పాటలు మానెయ్యలేదు గానీ, ఆ తర్వాత మా ఇంటికి కొత్త రికార్డు రాలేదు. పూతరేకులూ రాలేదు. మాగాయ పెట్టే వేళకు అత్తయ్యగారు ఒక సీసా అలవాటుగా పక్కన తీసి, గుర్తొచ్చి, మళ్ళీ జాడీలోనే వంపేశారు.

తన పెద్దరికంతో ఎవరినీ నొప్పించని మనిషి, ఈ ఒక్క విషయంలో ఇంత మొండిగా ఎందుకున్నారో నాకు చాలా కాలం అర్థం కాలేదు. కావలసిన రికార్డులు పరాయివాళ్ళ పాలయ్యాయనే బాధ అనుకున్నాను. మా అమ్మాయి పెద్దదయ్యాక తాతగారి పుట్టినరోజుకి ఆన్‌లైన్లో ఒక రికార్డు తెప్పించింది. ఈమధ్య కుర్రాళ్ళలో మళ్ళీ ఆ మోజు వచ్చింది కదా. తళతళలాడే అట్ట, పైన బిగుతుగా ప్లాస్టిక్ కాగితం. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వినకుండా ఎలా కొన్నావమ్మా?" అన్నారు.

"అక్కడ వినక్కర్లేదు తాతయ్యా. నొక్కితే వచ్చేస్తుంది," అంది అది.

ఆయన నవ్వి, మనవరాలిని దగ్గరకు తీసుకున్నారు. అది వెళ్ళాక, ప్లేయరు మీదున్న పాత రికార్డు ఒక వైపు అయిపోగానే నాతో అన్నారు. "మీరందరూ నేను ఆ సరుకు కోసం అలిగాననుకుంటున్నారు. అమ్ముకోవడం ఆయనిష్టం, నాకేం హక్కుందమ్మా? ఫలానా రోజు మూసేస్తున్నాను రైతుగారూ, అని ఒక్క ముక్క చెప్తే వెళ్ళి ఆ రోజంతా ఆయన దగ్గర కూర్చునేవాణ్ణి. అంతకన్నా ఏం అడిగాను?"

"ఆ మాట ఆయనతోనే అనచ్చు కదండీ?"

"అనాలి," అన్నారు. రికార్డు రెండో వైపుకి తిప్పి ముల్లు ఆనించారు.

కిందటేడు కంటి ఆపరేషనుకి ఆయన్ని రాజమండ్రి తీసుకెళ్ళాం. ఆసుపత్రి నుంచి వస్తూ, కంటికి ఆకుపచ్చ గుడ్డతో, ఆ సందు మొదట్లో ఆటో ఆపించారు. షాపున్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. కాసేపు అటే చూశారు.

"ఇంతదూరం వచ్చాం. ఈసారైనా కలిసి వెళ్దాం మావయ్యగారూ," అన్నాను.

"ఇలా గుడ్డ కట్టుకుని వెళ్తే జాలిపడి మాట్లాడినట్టుంటుందమ్మా. కన్ను బాగయ్యాక మంచి చొక్కా వేసుకుని వస్తాను," అన్నారు.

కన్ను బాగైంది. మంచి చొక్కాలు ఆయనకు లేకపోలేదు. వానలు తగ్గాక అన్నారు, చెరువుల్లో రొయ్యల పట్టుబడి అయ్యాక అన్నారు, మోకాళ్ళ నొప్పి తగ్గాక అన్నారు. ఇంట్లో మేము కూడా తొందరపెట్టలేదు. పెద్దవాళ్ళ అలకలు వాళ్ళే తీర్చుకుంటారని ఊరుకున్నాం. తీరిక అనేది మన కోసం ఎక్కడో కాచుకుని ఉంటుందనుకుంటాం.

పెద్దకర్మ రోజున భోజనాలు సగం అయ్యాక గేటు దగ్గర ఆటో ఆగింది. చేతికర్ర ఊతంగా ఒక సన్నటి పెద్దాయన దిగారు. తెల్లగా నెరిసిన తల చూసి వెంటనే పోల్చుకోలేకపోయాను. "పేపర్లో ఫొటో చూశానమ్మా. నేను రాజమండ్రి షాపు..." అనేసరికి గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాను. తీసుకెళ్ళి వరండాలో కూర్చోబెట్టాను. ఆయన కుర్చీని దండ వేసిన ఫొటో వైపు తిప్పుకున్నారు.

"నా మీద కోపంగానే వెళ్ళిపోయారా అమ్మా?" అన్నారు.

నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు. "కోపం కాదండీ. మీరు చెప్పలేదని బాధపడ్డారు."

"చెప్పకూడదనే చెప్పలేదు. ఆ ఏడు మీ చెరువులు పోయాయని మీవైపు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. నేను మూసేస్తున్నానంటే రైతుగారు ఊరుకుంటారా? పొలం తాకట్టు పెట్టైనా మొత్తం సరుకు తెచ్చేసుకునేవారు. అలాంటప్పుడు ఈ ఇంట్లో వాళ్ళ మొహం నేనెలా చూడనూ? అమ్మేశాక చెబుదామని రోజులు జరిపాను. మీరొచ్చి వెళ్ళారని టీ కొట్టతను చెప్తే ఫోన్ చేశాను. చెరువుకి వెళ్ళారన్నారు. వెనకాల పాట వినిపిస్తోందమ్మా. ఇంట్లోనే ఉన్నారని తెలిసింది. ఇంక మళ్ళీ చెయ్యడానికి మొహం చెల్లలేదు."

గుమ్మంలో అలికిడి అయింది. అత్తయ్యగారు ఎప్పుడొచ్చి నిలబడ్డారో చూడలేదు.

"కొనేవారేనండి," అన్నారావిడ. "నేను తిట్టేదాన్నే. నాలుగు రోజులు అన్నం సరిగ్గా పెట్టకపోయేదాన్నేమో కూడా. అయినా మీరు చెప్పాల్సిందండి."

ఆయన తల వంచుకుని, "చెప్పాల్సిందండి," అన్నారు.

మావయ్యగారు నాతో అన్న మాట అప్పుడు చెప్పాను. సరుకు కోసం కాదనీ, ఆ ఆఖరి రోజు ఆయన పక్కన కూర్చోవాలనుకున్నారనీ. ఆయన కర్ర మీద రెండు చేతులూ వేసి, వాటి మీద గడ్డం ఆనించుకున్నారు.

"వాళ్ళు వ్యాన్లోకి ఎక్కిస్తున్నంతసేపూ నేను వీధిలోకే చూస్తూ కూర్చున్నానమ్మా. చెప్పనిది నేనే. అయినా ఎవరి నోటైనా విని వచ్చేస్తారేమోనని. వస్తే బాగుండునని," అన్నారు.

అత్తయ్యగారు, "ఆయన గది చూస్తారా?" అని అడిగారు. ఏదైనా రికార్డు గుర్తుగా పట్టుకెళ్ళమన్నారు. "వద్దండి. అవి నేను రైతుగారికి అమ్మినవి," అన్నారాయన. కానీ గదిలోకి మాత్రం వచ్చారు.

వచ్చీపోయే జనం కోసం కుర్చీలూ మంచాలూ ఆ గదిలోనే సర్దడంతో, రికార్డుల వరసలు నెట్టుకుపోయి ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. అలా ఉంటే వంకర తిరిగిపోతాయి కాబోలు. ఆయన కర్ర గోడకానించి, కష్టం మీద నేల మీద చతికిలబడ్డారు. ఒక్కొక్క వరసనూ అరచేత్తో నెమ్మదిగా నెట్టి నిటారుగా నిలబెట్టడం మొదలుపెట్టారు. ఒకటి నిలబెట్టాక దాని అట్ట అంచు సవరించి, పక్కదాని మీద చెయ్యి వేస్తున్నారు.

అత్తయ్యగారు కాఫీ తెచ్చి గుమ్మంలో ఆగారు. ఆయన చూడలేదు. ఆవిడ పిలవలేదు. గ్లాసు పమిటచెంగుతో పట్టుకుని, ఆ వరస పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డారు.