రాసిపెట్టని జాబితా

కృపారావు రిటైరైన రోజున బడివాళ్లు శాలువా కప్పి, దండ వేసి, తెనాలి రైలు ఎక్కించారు. వారం తిరక్కుండానే హెడ్ మాస్టరు ఫోను చేశాడు, ఒక పాత రిజిస్టరు దొరకడం లేదు, ఒక్కసారి రాగలరా అని. కృపారావు అప్పటికే చొక్కా ఇస్త్రీ చేయించుకుని కూర్చున్నాడు. ఆ ఫోను వస్తుందని ఆయనకు తెలుసు. వచ్చేలా ఏర్పాటు చేసుకున్నదీ ఆయనే.

రేపల్లెలోని ఆ బడిలో ఆయన గుమాస్తా. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు చేరాడు. నీళ్లలో నాని అట్టలూడిన అడ్మిషన్ రిజిస్టర్లను ఆవరణలో ఎండబెట్టి, చుట్టుపక్కల ఊళ్లలో మూతపడ్డ బళ్ల పుస్తకాలతో కలిపి, ఆరు బీరువాల్లో సర్దాడు. ఏ పుస్తకం ఏ అరలో ఉందో ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. జాబితా రాసిపెట్టమని ముగ్గురు హెడ్ మాస్టర్లు అడిగారు. ముగ్గురికీ "అట్టాగేనండి" అన్నాడు. రాసిచ్చేస్తే ఇక తనతో ఎవరికేం పని? అరవై ఏళ్లకే ఇంట్లో కూర్చుని గోడలు చూడాలంటే ఆయనకు వణుకు.

మొదటి మూడేళ్లు బాగానే గడిచాయి. రోజూ రైలు, స్టేషన్ దగ్గర టీ, పుట్టినతేదీ కాగితం కోసం వచ్చినవాళ్ల దండాలు. ఆకలేసేది, పడుకోగానే నిద్ర పట్టేది. ఖాళీగా ఉన్న తోటివాళ్లను చూసి జాలిపడేవాడు కూడా. ఆ తర్వాత పాత కాగితాల దుమ్ము ఛాతీలోకి దిగింది. కింది అర దగ్గర వంగితే మోకాళ్లు మొరాయించాయి. బాపట్లలో ఉన్న కూతురు ప్రియ తమ దగ్గరికి వచ్చేయమంది. భార్య దానమ్మ ఆయన చొక్కాలు పెట్టెలో సర్దేసింది కూడా. మానేస్తానని చెబితే హెడ్ మాస్టరు, జాబితా ఇచ్చేసి హాయిగా వెళ్లమన్నాడు.

రాద్దామని కూర్చుంటే సగం అరలు గుర్తు రాలేదు. మొత్తం మూడు వందల పైచిలుకు పుస్తకాలు. ఒక్కోటి తీసి మొదటి నుంచీ చూడాలంటే ఏడాది పైమాటే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే సిగ్గు, చెప్పకపోతే వదలరు. అరవై ఎనిమిదేళ్లొచ్చినా అదే రైలు, అదే బీరువా, అదే దగ్గు.

ఇలా ఉండగా భట్టిప్రోలు నుంచి యాకోబు వచ్చాడు. వరికోత కూలి. అరవై రెండేళ్లు నిండినా ఆధార్ కార్డులో వయసు పదేళ్లు తక్కువ పడింది. చిన్నప్పుడు చదివిన బడి కాగితం తెస్తేనే పెన్షనన్నారు. సోమవారం రమ్మన్నాడు కృపారావు. తనకు తోచిన అరలు వెతికాడు, దొరకలేదు. మళ్లీ సోమవారం అన్నాడు. అలా నాలుగు సోమవారాలు యాకోబు పని మానుకుని వచ్చి, గడప దగ్గర కూర్చుని, ఒక్కసారైనా విసుక్కోకుండా వెళ్లిపోయాడు. కృపారావుకు అదే భరించరానిదైంది.

ఐదో సోమవారం కృపారావే గడప దగ్గరికి వెళ్లి యాకోబు పక్కన కూలబడ్డాడు.

"నాకు గుర్తు లేదు యాకోబూ. ఎక్కడేముందో రాసిపెట్టమంటే కావాలనే రాయలేదు. నన్ను పిలుస్తూ ఉండాలని."

యాకోబు అరచేతి కాయలను గోటితో గిల్లుకున్నాడు.

"పోనీలెండి సార్. ఈ కోతక్కూడా పోతాలెండి. తమరూ పెద్దోరే గదా, ఎన్నని గుర్తుంటయ్యి."

తిట్టినా బాగుండేది. యాకోబు తువ్వాలు దులుపుకుని రైలుకి వెళ్లిపోయాడు. కృపారావు కొత్త నోటుపుస్తకం తీసి, మొదటి బీరువా తెరిచి, పై అరలో ఎడమ చివరనున్న రిజిస్టరు దించాడు. దుమ్ము లేచింది. దగ్గు ఆగాక దానమ్మకు ఫోను చేసి, పెట్టెలో సర్దిన చొక్కాలు బయటికి తియ్యమన్నాడు.