పంటు నీళ్ల మీద ఉండగా

మా నాన్న బస్సు డ్రైవరు. ఈ ముక్క ఎక్కడ చెప్పినా నేను కాస్త గట్టిగానే చెబుతాను. మా తాత ఒకరి కమతంలో పాలేరుగా బతికి పోయినవాడు. ఆయన కొడుకు ఖాకీ చొక్కా తొడుక్కుని, ఆ కమతందార్లని వెనక కూర్చోబెట్టుకుని బండి నడిపేవాడు. వాళ్లు ఆయన పక్క సీటు కోసం పోటీ పడేవారు. మా పేటలో అది చిన్న విషయం కాదు.

డెబ్భైల చివరి రోజులవి. నేను టీచరు ట్రైనింగు ముగించి, పోస్టింగు ఎప్పుడొస్తుందా అని ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్నాను. నాన్న ముక్తేశ్వరం రేవు నుంచి సాయంత్రం ఆఖరి బస్సుని అమలాపురం తెచ్చేవాడు. గోదారికి అవతల కోటిపల్లి. అటు నుంచి వచ్చేవాళ్లందరూ పంటు దిగి, ఒడ్డున నిలబడిన ఈ బస్సే ఎక్కాలి. పంటు అంటే రెండు పడవలు జోడించి, మీద బల్లలు పరిచిన వాహనం. మనుషులు, సైకిళ్లు, మేకలు, ఒక్కోసారి పెళ్లికారు కూడా దాని మీదే ఏరు దాటేవి.

ఆ రేవులో ఒక ఆనవాయితీ ఉండేది. పంటు నీళ్ల మీద కనబడుతుంటే ఆఖరి బస్సు కదలదు. ప్రైవేటు బస్సుల కాలం నుంచీ ఉందనేవారు. టైము దాటిపోయినా సరే, ఏటి మధ్యలో పంటు ఉందంటే డ్రైవరు ఇంజను ఆపేసి దిగిపోయేవాడు. లోపల కూర్చున్నవాళ్లు సణిగేవారు కాదు. ఇవాళ బస్సులో సణిగినవాడు రేపు పంటులో ఉండొచ్చు, అది అందరికీ తెలుసు.

ఆ మాట తెలియని మనిషి డిపోకి మేనేజరుగా వచ్చాడు. మెట్ట ప్రాంతం ఆయన. చెడ్డవాడని అనలేను. బస్సులు ఆలస్యమైతే పై ఆఫీసు నుంచి ఆయనకీ అక్షింతలు పడేవి. ఆఖరి బస్సు రోజూ ఎందుకు ఆలస్యమవుతోందో చూద్దామని ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా రేవులో ఎక్కి కూర్చున్నాడు. టైమైంది. పంటు సగం ఏట్లో ఉంది. తియ్యమన్నాడు. పంటు నీళ్ల మీద ఉందండి అన్నాడు నాన్న. గొంతు పెంచి మళ్లీ తియ్యమన్నాడు. నాన్న ఇంజను ఆపేసి, కిందికి దిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పంటు వచ్చింది, జనం ఎక్కారు, బస్సు కదిలింది. మేనేజరు అమలాపురం దాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడట. ఇదంతా ఆ బస్సు కండక్టరు చెప్పగా విన్నాను. నాన్నతో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి, నాకు బాబాయి వరస.

మర్నాడు నాన్నని సస్పెండు చేశారు. కాయితంలో రెండు నేరాలు రాశారు. ఒకటి, పై అధికారి మాట ధిక్కరించాడని. రెండోది, పంటులో వచ్చే తన చుట్టాల కోసం, తనకి కావలసినవాళ్ల కోసం సర్కారు బస్సు ఆపాడని. మొదటిది నాన్న ఒప్పుకున్నాడు. రెండోదాని దగ్గర ఆయన మొహం ఎర్రబడింది. మా ఇంటికి అదొక్కటే జీతం. ఉద్యోగం పోతే నాన్న మళ్లీ ఎవరి కమతానికి వెళ్లాలో నాకు తెలుసు. అమ్మ మాత్రం ఊరుకోలేదు. బస్సు తప్పినవాళ్లు రేవులో పడుకుని పొద్దున్నే వస్తారు కదా, కందకి లేని దురద కత్తిపీటకెందుకని మొదలుపెట్టి, అన్నం వడ్డిస్తున్నంతసేపూ ఆపలేదు. నాన్న తలొంచుకుని తిన్నాడు.

ఆ మర్నాడు పొద్దున్న ఊళ్లో ఏదో తేడాగా అనిపించింది. కాసేపటికిగానీ తెలియలేదు, హారన్లు లేవు. డిపోలో ఒక్క బస్సూ బయటికి రాలేదు. నేను పరుగున వెళ్లి చూశాను. గేటు అవతల బస్సులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. గేటు ఇవతల ఖాకీ చొక్కాల వాళ్లందరూ నేల మీద కూర్చుని ఉన్నారు. మెకానిక్కులు కూడా నూనె చేతులతోనే వచ్చి కూర్చున్నారు. కులం కాదు, గోత్రం కాదు, కొందరితో నాన్నకి మాట్లాడుకునేంత పరిచయం కూడా లేదు. అంతమంది పని మానుకున్నది మా నాన్న కోసం! గేటు కమ్మీ పట్టుకుని చాలాసేపు అలా నిలబడిపోయాను. మా తాతని కమతంలోంచి వెళ్లగొట్టిన రోజున పక్క పాలేరు కూడా తలెత్తి చూడలేదని మా ఇంట్లో చెప్పుకునేవారు.

సమ్మె అంటే నినాదాలే అనుకునేదాన్ని. అసలు సంగతి ఆ నిశ్శబ్దంలో ఉంది. అంబాజీపేట నుంచి కొబ్బరి లారీలు వెళ్తుంటే కాలేజీ పిల్లలు కాయల మీదెక్కి వచ్చేవారు. ఆఫీసు గుమాస్తాలు పంచెలు ఎగ్గట్టి కాలవ గట్టు మీద నడిచేవారు. జట్కావాళ్లకి ఎక్కడలేని గౌరవం వచ్చింది. రావులపాలెం నుంచి అరటిగెలల లారీవాడొకడు ఒక గెల దింపి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, డిపో గేటు ముందు సమ్మెవాళ్లు వేసుకున్న షామియానా గుంజకి ఆనించి వెళ్లిపోయాడు. తిట్టినవాళ్లూ ఉన్నారు. ఒక పెద్దాయన, పంటు దిగి నాన్న బస్సుని ఎన్నిసార్లు అందుకున్నాడో లెక్కలేదు, షామియానా ముందు నిలబడి ఒక్కడి కోసం ఊరందరి కాళ్లూ అరగదీస్తున్నారని దులిపేశాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకమని అమ్మ ఆయన్ని ఆయనకి వినబడేలాగే అంది. నాన్నని రోజూ తిట్టే హక్కు తనదేననీ, ఇంకొకరు తిడితే ఊరుకోననీ అమ్మ లెక్క.

కానీ ఆ పెద్దాయన మాట నాన్నకి గుచ్చుకుంది. షామియానాలో ముందు వరసలో కూర్చోమంటే కూర్చునేవాడు కాదు, ఎక్కడో వెనక గుంజ చాటున ఉండేవాడు. రోజులు గడిచేకొద్దీ ఆయన మొహంలోకి చూడలేకపోయేవాళ్లం. మేనేజరు దగ్గర్నుంచి కబురు వచ్చింది. తప్పయిపోయింది, ఇకముందు ఎవరి కోసమూ బస్సు ఆపను అని ఒక్క వాక్యం రాసిస్తే సస్పెన్షను ఎత్తేస్తారట. ఆ సాయంత్రం నాన్న నన్ను పిలిచి, కాస్త మంచి తెలుగులో రాసిపెట్టమన్నాడు. నడిచేవాళ్లు తనవల్లే నడుస్తున్నారనీ, తోటివాళ్ల ఇళ్లల్లో పొయ్యి తనవల్లే సరిగ్గా వెలగటం లేదనీ ఆయన బాధ. నాకు ఏడుపొచ్చింది. అయినా ట్రైనింగులో నేర్చుకున్న తెలుగంతా ఒలకబోసి, "తమ దివ్య సముఖమునకు" అని మొదలుపెట్టి రాశాను. నాన్న కింద సంతకం చేశాడు. అమ్మ నాన్నని తిట్టకుండా వెళ్లి పొయ్యి రాజేసింది. తిట్టకపోవడానికే నాకు భయమేసింది.

రాసిన కాయితం ముందు తోటివాళ్లకి చూపించి ఇస్తానన్నాడు నాన్న. నేనూ వెంట వెళ్లాను. కండక్టరు బాబాయి దాన్ని దీపం దగ్గర పెట్టుకుని ఆసాంతం చదివాడు. అమ్మాయి దస్తూరీ ముత్యాల్లా ఉందన్నాడు. తరవాత మడిచి నాన్న జేబులోనే పెట్టాడు.

"అలా కాదండి అన్నగారూ," అన్నాడు. "మీరిది ఇచ్చేసేరనుకోండి, రేపట్నించి మేవెవరం ఆపలేం. మీ ఉద్యోగం మీకొస్తాదండి. పంటులో వచ్చేవోళ్ల సంగతేటి?"

నాన్న ఆ కాయితాన్ని ఇంక జేబులోంచి తియ్యలేదు. ఇన్నాళ్లూ ఇదంతా తన కోసం జరుగుతోందని ఆయన కుంగిపోతున్నాడు. నేను మురిసిపోతున్నాను. ఇద్దరమూ పొరపడ్డాం. ఆ గేటు ముందు కూర్చున్నవాళ్లు, జీతాలు పోగొట్టుకుంటున్నవాళ్లు, ఏట్లో పంటు మీద ఉన్న ఎవరో ముక్కూమొహం తెలియని మనుషుల కోసం కూర్చున్నారు. మనుషులు ఇలా కూడా ఉంటారా అని ఆ పూట ఆశ్చర్యపోయాను. ఇప్పుడు తలుచుకున్నా అంతే.

ఆ తరవాత పై ఆఫీసు నుంచి పెద్ద ఆఫీసరు మాట్లాడటానికి వస్తున్నాడని తెలిసింది. కోటిపల్లి మీదుగా మధ్యాహ్నానికి రేవులో దిగుతాడట. మేనేజరు జీపు తీసుకుని వెళ్లాడు. యూనియనువాళ్లు, నాన్న, బాబాయి సైకిళ్ల మీద వెళ్లారు. ఇంట్లో కాలు నిలవక నేనూ అమ్మా కూడా నడిచి వెళ్లాం. మధ్యాహ్నం పంట్లు వచ్చాయి, ఆయన రాలేదు. పొద్దు వాలింది. అవతలి నుంచి ఆఖరి పంటు బయలుదేరింది గానీ, ఆటుకి నీరు తీసేసి, ఏటి మధ్యన ఇసక మేటలో తగులుకుంది. పంటువాళ్లు గడలు వేసి తోస్తున్నారు, కదలటం లేదు. అనుకున్న వేళ ఎప్పుడో దాటిపోయింది, ఆయన ఇంక రాడు, రేపు చూద్దామని మేనేజరు జీపెక్కి వెళ్లిపోయాడు. యూనియనువాళ్లలో కూడా కొందరు లేచారు. ఆయనంతటివాడు ఈ వేళప్పుడు మేకలతో కలిసి వస్తాడా అని ఒకరన్నారు.

నాన్న కదల్లేదు. బాబాయీ కదల్లేదు. లేచినవాళ్లు వాళ్లిద్దర్నీ చూసి మళ్లీ కూర్చున్నారు. బస్సు లేదు, డ్యూటీ లేదు, అయినా వాళ్లకి పంటు నీళ్ల మీద ఉండగా వెనక్కి తిరగడం చేతకాలేదు. అంతమంది ఏటివైపు చూస్తూ కూర్చుంటే నేనూ ప్రార్థనలో కూర్చున్నట్టు కూర్చున్నాను.

పోటు మొదలై పంటు తేలి ఒడ్డుకి చేరేసరికి మసక చీకటి పడింది. చేపల గంపల వాళ్లు దిగారు, మేకలు దిగాయి, ఒక బాలింతని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని దింపారు. అందరి వెనకా, చెప్పులు చేత్తో పట్టుకుని, బురదలో కాళ్లు తీసి తీసి వేసుకుంటూ ఒక పెద్దమనిషి దిగాడు. ఆయనే ఆఫీసరు. ఒడ్డున అటూ ఇటూ చూసి మేనేజరు ఏడని అడిగాడు.

"టైమైపోయిందని ఎల్లిపోయేరండి," అన్నాడు బాబాయి.

మరి మీరెందుకున్నారని అడిగాడు ఆఫీసరు. పంటు నీళ్ల మీద ఉందండి అన్నాడు నాన్న. ఆ మాటతో ఆయనకి ఈ మనిషి ఎవరో తెలిసినట్టుంది. దగ్గరికి వచ్చాడు.

"నేనందులో ఉన్నానని తెలుసా?"

"తెలీదండి. ఒడ్డు మీంచి మొహాలు కనబడవండి."

"ఆ రోజు?"

"ఆ రోజూ అంతేనండి."

ఆయన ఇంకేమీ అడగలేదు. చుట్టాల కోసం బస్సు ఆపాడన్న రెండో నేరం అక్కడితో పోయిందని నాకు అప్పుడే అర్థమైంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. నొప్పెట్టింది కూడా. జీపు లేదు, రేవులో ఉన్న ఒక్క జట్కాని బాలింతకి ఇచ్చేశారు. ఆ ఆఫీసరు బాబాయి సైకిలు వెనక కూర్చుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, అమలాపురం వెళ్లాడు. సమ్మె చేసినవాళ్లందరూ ముందూ వెనకా సైకిళ్ల మీద సాగారు. నేనంత ఊరేగింపు మళ్లీ చూడలేదు.

సస్పెన్షను ఎత్తేశారు. మాట ధిక్కరించిన నేరానికి మాత్రం నాన్నని హైవే మీద తిరిగే బస్సుకి, రావులపాలెం వైపు బదిలీ చేశారు. తోటివాళ్లు దానిక్కూడా సమ్మె చేస్తామంటే నాన్నే వద్దన్నాడు. ధిక్కరించిన మాట నిజమే కదా అన్నాడు. రోజూ పొద్దున్నే అమలాపురంలో ప్రయాణికుడిలా రావులపాలెం బస్సెక్కి డ్యూటీకి పోయేవాడు.

కొన్నాళ్లకి ఒక పొద్దున్న ఆయనకి కేరేజీ అందివ్వడానికి బస్టాండుకి వెళ్లాను. కొత్తగా రంగులు వేసిన టైముల బోర్డు ముందు నాన్న నిలబడి ఉన్నాడు, పక్కన బాబాయి. నన్ను చూడగానే, ఇది చదవవే అని వేలు పెట్టి చూపించాడు. ఆయనకి చదవడం బాగానే వచ్చు. ముక్తేశ్వరం రేవు, ఆఖరి బస్సు. దానికెదురుగా మిగతావాటికి ఉన్నట్టు గంటలూ నిమిషాలూ లేవు. "పంటు వచ్చిన తరువాత" అని ఉంది.

"మనోళ్లే రాసేరా?" అని అడిగాడు నాన్న.

"కాదండి. ఆఫీసువోళ్లే రాయించేరండి," అన్నాడు బాబాయి.

నాన్న ఇంకోసారి చదవమన్నాడు, గట్టిగా. నేను గట్టిగా చదివాను. బెంచీల మీదున్న జనం ఇటు తిరిగి చూశారు. నాన్న తలూపుతూ ఇంకా వింటూనే ఉన్నాడు. అంతలో రావులపాలెం బస్సుకి ఈలేశారు. అది హైవే బస్సు, ఎవరి కోసమూ ఆగదు. కేరేజీ నా చేతిలోంచి లాక్కుని నాన్న దాని వెనక పరుగెత్తాడు.