తీగ సాగిన సూపు

కొలతకు లొంగని దేన్నీ నమ్మకూడదని గట్టిగా అనుకుంటూ బతికిన రోజులవి. ఇప్పుడూ అలాగే అనుకుంటున్నాను గానీ, అప్పట్లో ఆ నమ్మకానికి జీతం కూడా వచ్చేది. ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా నిర్మాణ సంస్థలో కంటిన్యుటీ చూసే సహాయకుడిగా కొత్తగా చేరాను. గ్లాసులో పాలు ఈ షాట్‌లో ఏ మట్టానికి ఉన్నాయో, వారం తరువాత తీసే దగ్గరి షాట్‌లోనూ అదే మట్టానికి ఉండేలా చూడడం నా ఉద్యోగం. అందుకని చొక్కా జేబులో పెన్ను పక్కన చిన్న స్టీలు స్కేలు పెట్టుకుని తిరిగేవాణ్ణి. (సెట్లో నన్ను 'స్కేలు' అనే పిలిచేవారు. అది వెక్కిరింత అని తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది.) భోజనం సీన్లంటే నాకు ప్రత్యేకమైన శ్రద్ధ. ఆ సీన్లలో నటులు నిజంగా తినరు. టేకు మీద టేకు తింటూ పోతే ఏ కడుపు తట్టుకుంటుంది? ముద్ద నోటిదాకా వెళుతుంది, దవడ ఆడుతుంది, కెమెరా ఆగగానే పక్కనున్న బకెట్లో పడుతుంది. ఆరితేరినవారికి బకెట్ కూడా అక్కరలేదు. ముద్ద నోట్లోకి పోకుండానే తినేస్తారు. అలా ఆరితేరినవారిలో మొదట చెప్పుకోవలసిన మనిషి మా పెదనాన్నగారు.

ఆయన జీవితమంతా తండ్రి వేషాలు వేశారు. మన సినిమాల్లో తండ్రి అన్నాక భోజనాల బల్ల దగ్గర కూర్చోక తప్పదు కనుక, తెర మీద ఆయన తిన్నన్ని విందులు ఏ జమీందారూ తిని ఉండడు. విందు ఎంత పెద్దదైతే ఆయన అంత ఆకలితో ఇంటికి వచ్చేవారు. "ఇవాళ పెళ్లిభోజనమే, ఆకలితో చచ్చిపోతున్నాను" అని గుమ్మంలోనే కేక వేసేవారు. మా పెద్దమ్మ అప్పటికే అన్నం పొగలు కక్కుతూ సిద్ధంగా ఉంచేది. ఆ సంవత్సరం వానలు మొదలయ్యే ముందు పెద్దమ్మ పోయింది. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆయనకు తోడుగా ముందు గదిలోకి నేను మకాం మార్చాను. ఆయన వేషాలకు వెళ్లడం మానేశారు, అన్నం పక్కకు నెట్టెయ్యడం మొదలుపెట్టారు. జూబిలీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గరున్న డాక్టరుగారు ఆయనను కాటా ఎక్కించి, పెదవి విరిచి, "గట్టి ఆహారం సహించకపోతే ఇంట్లోనే కూరగాయల సూపు చేసి పట్టించండి. ఇలాగే తగ్గుతూ పోతే ఆసుపత్రిలో చేర్చాలి, ఈ వయసులో అక్కడినుంచి తిరిగి వస్తారని నేను హామీ ఇవ్వలేను" అన్నారు.

నాకు వంట రాదు, కొలతలు వచ్చు. క్యారెట్టు, బీన్స్, సొరకాయ, టమాటా అన్నిటినీ స్కేలు పెట్టి సమానంగా తరిగి, కుక్కరులో మెత్తగా ఉడికించి, మెదిపి, వడకట్టి, మిరియాలపొడి చల్లేవాణ్ణి. ఇంటిపనికి వచ్చే అక్క గడప దగ్గర నిలబడి చూసి, "ఏందన్నా, గీ క్యారెట్లకు అంగీలు కుట్టిస్తవా? గంతగనం కొలుస్తున్నవ్!" అనేది. నేను పట్టించుకోలేదు, ఎందుకంటే సూపు అద్భుతంగా కుదిరింది. అలాగని పెదనాన్నగారే చెప్పారు. చెంచా ఎత్తేవారు, ఊదేవారు, కళ్లు అరమోడ్చేవారు, గొంతు కదిలేది. "అమృతంరా అబ్బాయ్! ఇదేం చెయ్యిరా నీది!" అనేవారు. షూటింగ్‌కు బయలుదేరుతూ గిన్నెకేసి చూస్తే సూపు నేను పోసిన మట్టానికే ఉండేది. మట్టం మారలేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టే కదా! తృప్తిగా తలుపు వేసుకుని వెళ్లిపోయేవాణ్ణి.

మళ్లీ డాక్టరుగారి కాటా ఎక్కించినప్పుడు ముల్లు ఇంకా కిందికి దిగింది. మనుషులు అబద్ధం చెప్పవచ్చు, ముల్లు చెప్పదు. ఇంటికి వచ్చి అక్కను గిన్నె సంగతి అడిగాను. "గిన్నె నిండుగనే ఉంటుండె గద. తాగినంక నువ్వే మల్ల పోసి పోతున్నవనుకున్న" అంది. తిన్నగా పెదనాన్నగారి మంచం దగ్గరకు వెళ్లాను.

"మీరు సూపు తాగడం లేదు."

"తాగాను కదరా, నువ్వు చూస్తూనే ఉన్నావుగా?"

"మట్టం తగ్గలేదండీ."

ఆయన చాలా నొచ్చుకున్నారు, కానీ నేను అనుకున్న విషయానికి కాదు. "ఎక్కడ తేడా కొట్టింది చెప్పు. చెయ్యా? చూపా? గొంతు కూడా ఆడించానే!"

నటనలో లోపం ఏమీ లేదు. ఆసుపత్రి మాట ఎత్తితే గోడవైపు తిరిగి పడుకున్నారు.

డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "తాగిన రెండు చెంచాలైనా బలంగా ఉండాలి, కాస్త చీజ్ కలపండి" అన్నారు. బంజారా హిల్స్‌లో పెద్ద దుకాణానికి వెళ్లి, చీజుల్లో రకాలుంటాయని తెలియక, అన్నిటికంటే బరువుగా కనిపించిన ముద్ద తెచ్చాను. (అది పిజ్జా మీద వేసే రకమట.) తురిమి, మరుగుతున్న సూపులో వేశాను. పెదనాన్నగారు ఎప్పటిలా చెంచా ఎత్తారు, పెదవికి అలా తాకించి దించబోయారు. చెంచా దిగింది గానీ చీజు దిగలేదు. పై పెదవి నుంచి గిన్నెదాకా తెల్లని తీగ సాగింది. ఆయన చెయ్యి పైకెత్తారు, తీగ కూడా అంత ఎత్తుకూ సాగింది. పక్కకు తిప్పితే మీసానికి చుట్టుకుంది. ఇంత అనుభవం ఉన్న నటుడు ఒక వస్తువు చేతిలో ఓడిపోవడం నేను అదే మొదటిసారి చూడడం.

"ఒరే, కట్ చెప్పరా!"

"ఇది తెగేలా లేదండీ. మింగేయండి."

అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన నావైపు ఉరిమి చూసి, వేరే దారి లేక తీగను లోపలికి లాక్కుని నమిలారు, మింగారు. తరువాత మీసం తుడుచుకుంటూ, "ఉప్పు తక్కువైంది" అన్నారు.

ఇన్ని రోజుల అమృతాల తరువాత, ఆయన నోట వచ్చిన మొదటి నిజం అది. నేను ఉప్పు తేవడానికి పరుగెత్తాను. తిరిగి వచ్చేసరికి గిన్నెలోకి చూస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు: "సీను అయిపోయాక మీ పెద్దమ్మ అన్నం పెట్టేది. ఇప్పుడు ఇంటికొచ్చి కూర్చున్నా సీను అయిపోవడం లేదురా." ఉప్పు వేసి కలిపి, ఇంకో గిన్నె తెచ్చుకుని ఎదురుగా నేనూ కూర్చున్నాను. ఇద్దరం మీసాలకు తీగలు చుట్టుకుంటూ, తిట్టుకుంటూ, తాగాం. ఆ రోజు మట్టం అడుగుదాకా తగ్గింది.

ఆయన కోలుకున్నారని రాస్తే బాగుండేది. ముల్లు అలా అనలేదు. కిందికి దిగడం మాత్రం ఆగింది. ఆసుపత్రి తప్పింది. మరుసటి వానలు చూశారు, ఆ పై ఏడాది వానలు చూడలేదు. ఆఖరిదాకా ప్రతి పూటా నా సూపుకు ఏదో ఒక వంక పెడుతూనే వెళ్లిపోయారు. వంక పెట్టిన రోజు నాకు నిశ్చింతగా ఉండేది.

ఇప్పుడు వెంగళరావు నగర్‌లో నా వంట నాదే. ముక్కలు సమానంగానే తరుగుతాను. మొన్న గిన్నె ముందు కూర్చుని చాలాసేపు చెంచా ఆడించి, "బాగుంది" అని పైకే అన్నాను. ఆ మాట వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. అలవాటుగా స్కేలు ముంచి చూస్తే మట్టం పోసిన దగ్గరే ఉంది, సూపు చల్లారిపోయింది. నవ్వొచ్చింది. లేచి, మళ్లీ వేడి చేసి, ఆ పిజ్జా చీజే తురిమాను. తీగ మీసం దాకా వచ్చింది. మింగాను. ఉప్పు తక్కువైంది.