ఆరోగ్యవంతుల వరుసలో సునంద మేడమ్

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు: నా పరిశోధనకు గైడైన సునంద మేడమ్ జబ్బును అందరికంటే ముందు చూసింది నేనే. చూసి, లెక్కలోంచి కొట్టేశాను. సోమవారం మధ్యాహ్నం ఆమె కన్నుమూశారని ఫోన్ వచ్చినప్పుడు, ఎల్బీ నగర్‌లోని మా ల్యాబ్‌లో గ్లవ్స్ తీయకుండానే పోయిన వేసవి రికార్డు పుస్తకం తెరిచాను.

కాలేయం గట్టిపడిన రోగుల్లో రోగనిరోధక కణాలు నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును మితిమీరి తయారుచేస్తాయి. రక్తనాళాలు సడలిపోతాయి, కడుపులో నీరు చేరుతుంది, చివరికి మూత్రపిండాలు ఆగిపోతాయి. ఆ వాయువును కొలవడమే మేడమ్ జీవితకాల తపస్సు.

నల్లగొండ పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ ఆమె ఏ రోగినీ ‘కేసు’ అనలేదు. హయత్‌నగర్ ఆటో డ్రైవర్ ఒకాయన సూదిని చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“తాగుబోతోన్ని మేడమ్. నా నెత్తురు మీకెందుకు?”

“నీ నెత్తురే మాకు పంతులు, అన్నా. జర చెయ్యి చాపు.”

“గట్లయితే బెత్తం గూడ ఇయ్యుండ్రి!” అని నవ్వి చెయ్యి చాపాడు.

పోలికకు ఆరోగ్యవంతుల రక్తమూ కావాలి. ఎవరూ దొరకని రోజు మేడమే ఇచ్చేవారు. పోయిన వేసవిలో ఒకరోజు రక్తం నుంచి వేరుచేసిన నీటిభాగంలో రంగు ద్రావణం కలపగానే రోగుల గొట్టాలు ముదురు గులాబీ రంగుకు తిరిగాయి. వాయువు ఎంత ఎక్కువైతే రంగు అంత ముదురు. లేతగా ఉండాల్సిన మేడమ్ గొట్టం కూడా వాటిలో కలిసిపోయింది. నా చెయ్యే తప్పిందనుకున్నాను. అడగాలంటే భయం. “పొరపాటు, వదిలేయాలి” అని రాసి, మరుసటి వారం ఆమె బదులు నా రక్తం పెట్టాను. లేత రంగు వచ్చింది. ఎంత సంబరపడ్డానో!

“ఏందే పిల్లా, నా నెత్తురు పాతబడ్డదా?” అన్నారు మేడమ్. తల దించుకుని నవ్వాను.

ఒక్క గొట్టం రంగుతో జబ్బు తేలదని నాకు తెలుసు. కానీ చెప్పి ఉంటే ఒక్క స్కానింగైనా చేయించుకునేవారు. మద్యం వాసన కూడా ఎరుగని మనిషి. ఉందని ఆమెకే తెలియని మధుమేహం లోలోపల కాలేయాన్ని తినేసింది. దసరా నాటికి కాళ్లు వాచాయి, కళ్లు పచ్చబడ్డాయి. ఆలస్యమైందన్నారు డాక్టర్లు. “నచ్చని రీడింగునే ముందుగాల రాయాలె” అని నేర్పిన గురువుకు నేనిచ్చిన దక్షిణ ఇది. ఆ రోగుల పక్కన ఇక ఎవరు కూర్చుంటారు? ఆమెకు చేతులు జోడించడానికి కూడా నాకు ధైర్యం చాలడం లేదు.

ఆమె పోవడానికి ముందురోజు, ఆదివారం, జరిగిందంతా చెప్పేయాలనే ఆస్పత్రికి వెళ్లాను. మంచం పక్కన నిలబడి, “మేడమ్, ఆ రోజు మీ గొట్టం...” అని మొదలుపెట్టాను. నా మాట నాకే వినిపించలేదు. ఆమె కళ్లు తెరిచి, కష్టంగా నా వైపు తిరిగారు.

“జర గట్టిగ చెప్పు బిడ్డా, ఇనబడ్తలేదు.”