మా తోడికోడలు మాడరేటరైన రోజులు

ఈ ఉదయం ఫోను తెరవగానే, మా తీరంలోని రొయ్యల రైతుల కోసం మా తమ్ముడు నడిపే ఫోరంలో ఒక ప్రకటన కనిపించింది. ఇకపై సభ్యుల రాతలను ఒక కంప్యూటరు ప్రోగ్రామే చూసుకుంటుందనీ, ఇన్నేళ్ళు మాడరేటరుగా ఉన్నవారికి కృతజ్ఞతలనీ దాని సారాంశం. ఆ మాడరేటరు మా తోడికోడలు, మా వారి అన్నగారి భార్య. ఆమెకు సభ్యులు రాసిన వీడ్కోలు మాటలన్నీ చదివి, వాటిలో నిజమెంతో, మొహమాటమెంతో వేరుచేయడానికి ప్రయత్నించాను; ఫలితం నాకు అనుకూలంగా రాలేదు. నా తరంవారు, ముఖ్యంగా తోడికోడళ్ళున్నవారు, నా బాధను అర్థం చేసుకోగలరు.

నేను రసాయనశాస్త్రం చదివి, నెల్లూరులో చెరువు నీళ్ళు పరీక్షించే ప్రయోగశాలలో ఉద్యోగజీవితమంతా గడిపినదాన్ని. వాకాడు వైపు నుంచి కూల్‌డ్రింకు సీసాల్లో నీళ్ళు పట్టుకొని బస్సెక్కి వచ్చే రైతులు తమ చెరువు గురించి చెప్పే మాటకూ, ఆ నీళ్ళు చెప్పే మాటకూ పొంతన ఉండేది కాదు కనుక, పరీక్షించనిదే దేన్నీ నమ్మకపోవడం నాకు అలవాటైంది. అందుచేత ఫోరం పెరిగి, తనొక్కడి వల్ల కావడం లేదనీ, ఒక మాడరేటరును పెడతాననీ తమ్ముడు అన్నప్పుడు, ఆ స్థానం నాదేనని అనుకున్నాను. జీతం లేదు, తిట్లు మాత్రం దండిగా ఉంటాయి, అయినా కావాలనిపించింది. తమ్ముడేమో మా తోడికోడల్ని కూడా అడిగాడు. వాళ్ళకు చెరువులున్న మాట నిజమే కాని, ఆమెకు తెలిసిన విద్యల్లా చర్చిలో స్త్రీల కూటం నడపడం. చెరో వారం చేసి చూడమన్నాడు.

నా వారంలో ఒక రైతు, వేపాకు కషాయం పోస్తే తెల్లమచ్చ రోగం తగ్గిపోతుందని రాశాడు. ఆ రోగానికి మందు లేదు. ఆధారం ఏదని అడిగాను; జవాబు రాలేదు; తీసేశాను. అలాంటివే మరికొన్ని తీసేశాక, ఫోరం కడిగి బోర్లించిన బీకరులా నిర్మలంగా, నిశ్శబ్దంగా తయారైంది. దాన్ని నేను విజయంగానే భావించాను.

ఆమె వారంలో ఆ రైతే మళ్ళీ ఆ కషాయం గురించే రాశాడు. ఆమె తీసేయలేదు. "అన్నా, కషాయం సంగతి తర్వాత చూద్దాం గానీ, నీ చెరువులో రొయ్య గట్టుకు వస్తా ఉండాదా?" అని అడిగింది. రోగం తగిలిన రొయ్యలే అలా గట్టుకు చేరతాయి.

"వస్తా ఉండాదక్కా. ఎవురికీ చెప్పలా. నీళ్ళు కాలవలోకి వదిలేద్దామనుకుంటా ఉండా."

"వదలొద్దన్నా, నీకు దణ్ణం పెడతా. ఆ కాలవ నీళ్ళే గదన్నా అందరికీ!"

అది చదివిన చుట్టుపక్కల వాళ్ళందరూ పరుగున పోయి తమ చెరువుల తూములు మూసుకున్నారు. ఆమె నాకు ఫోన్ చేసి, "ఏమే, ఆ నీళ్ళకు బ్లీచింగు ఎంత వెయ్యాల?" అని అడిగితే లెక్కకట్టి చెప్పాను. ఆ రైతు పంట పోయింది, పక్కవాళ్ళ పంటలు నిలిచాయి. లెక్క నాది, దండాలు మాత్రం ఆమెకు. నిజానికి, తూములు మూయకపోయినా ఆ చెరువులు నిలిచేవేమో ఎవరు చెప్పగలరు? పోల్చి చూడడానికి, తూము తెరిచి ఉంచిన చెరువు ఒక్కటీ లేదు కదా!

ఆ మాటే తమ్ముడితో అన్నాను. "నీ మాట తప్పని ఎవురన్నారక్కా? నీకు జడిసి ఆయప్ప రోగం సంగతి దాచిపెట్టినాడు," అన్నాడు. పోనీ ఇద్దరినీ పెట్టమన్నాను. "మీ ఇద్దర్నీ ఒక వంటింట్లో చూసినా గదక్కా!" అని నవ్వాడు. నా తోడబుట్టినవాడే ఆమెను ఎన్నుకోవడం నాకు ఈనాటికీ మింగుడుపడలేదు.

అప్పటి నుంచి నేను ఎవరి తప్పు దిద్దుతూ రాసినా, ఆమె తన అధికారంతో దాని ముందు "అన్నా" అని చేర్చేది. వాళ్ళింట్లో చేపల పులుసు తింటూనే ఆ విషయమై తగువుపడ్డాను. "ఒక్క అన్నాకే నీ సైన్సు కరిగిపోతాదా ఏమే?" అంటూ ఇంకో ముక్క వడ్డించింది. పులుసు కూడా నాకంటే ఆమే బాగా చేస్తుందని అందరూ అంటారు. అదీ నేను పరీక్షించి ఒప్పుకోవలసివచ్చిన విషయమే.

ఆ రోజుల్లో ఒక మాట నిలవాలన్నా, పోవాలన్నా ఒక మనిషి చదివేది, ఆ మనిషితో పోట్లాడడానికి మనకు వీలుండేది. నన్ను కాదని ఎన్నుకున్న మనిషిని చూసి ఇన్నేళ్ళు కుళ్ళుకున్నాను. ప్రోగ్రామును చూసి ఎలా కుళ్ళుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇందాక ఎవరో కొత్త రైతు మళ్ళీ వేపాకు కషాయం గురించి రాశాడు. ఆధారం ఏదని అడిగాను. ప్రోగ్రాము నా ప్రశ్నను వెంటనే అనుమతించింది. అప్పటి నుంచి పదేపదే తెరిచి చూస్తున్నాను. నా వాక్యం ముందు ఎవరూ ఏమీ చేర్చలేదు. ఒక్క అక్షరం మారకుండా నేను రాసినట్టే ఉంది. ఆ రైతు మాత్రం ఇంకా జవాబివ్వలేదు.