కొత్త ఫ్లాపీకి పెట్టిన బొట్టు

మా ఇంట్లో హాలు మూలనున్న పాత డెస్క్‌టాప్ కంప్యూటరు మొన్న ఆదివారం పొద్దున మళ్ళీ మొండికేసింది. కొత్త అప్‌డేట్ వేసుకుంటానని తనే మొదలుపెట్టి, తెర మీద చుక్కలు గిరగిరా తిప్పి, సగం దాటాక ఆగిపోయి, నా వల్ల కాలేదు, పాత పద్ధతికే పోతున్నానని చల్లగా చెప్పింది. నాలుగోసారి ఆ మాట చెప్పేసరికి నాకు తిక్క రేగి, లోపల దుమ్మన్నా తుడుద్దామని మరలు విప్పి పక్క రేకు తీశాను. వేడెక్కిన దుమ్ము వాసన, కాలీకాలని ప్లాస్టిక్కు వాసన కలిసి గుప్పుమని ముక్కుకు తగిలాయి. అంతే, కూర్చున్నచోటే తొమ్మిదో తరగతి పిల్లనైపోయి నరసరావుపేటలో మా బడి వరండాలో కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడ్డాను. చువ్వల అవతల కంప్యూటరు ముందు కుర్చీలో నాగమణి కూర్చుని ఉంది. ఇవతల నేను కుళ్ళి చస్తున్నాను.

ఎనభైల చివరి రోజులవి. మా ఊళ్ళో ఒక పత్తి మిల్లువాళ్ళు ఆఫీసుకు కొత్త కంప్యూటరు కొనుక్కుని పాతదాన్ని మా ఆడపిల్లల హైస్కూలుకు ఇచ్చేశారు. పత్తి లారీలు పోతుంటే రోడ్డు పొడవునా దూది పింజలు ఎగిరి కంపచెట్లకు అంటుకుని, చెట్లన్నీ నెరిసిపోయినట్టు కనిపించే కాలంలో, ఒక రిక్షాలో దుప్పటి చుట్టుకుని, బాలింతరాలిని తీసుకొచ్చినంత భద్రంగా వచ్చింది ఆ యంత్రం. తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం ఆట ఆపి, గచ్చకాయలు ఆడేవాళ్ళం కాయలు లంగా కుచ్చెళ్ళలో పోసుకుని వెంట పరిగెత్తాం. దేశపటాలూ హార్మోనియమూ పెట్టే గది ఖాళీ చేసి, మాచర్ల బండలు పరిచిన ఆ నేలను రెండుసార్లు కడిగి, కిటికీకి నీలం తెర కట్టి, దాన్ని అందులో కూర్చోబెట్టారు. చెప్పులు గుమ్మం బయట విడవాలి. రెంటచింతల ఎండ గురించి అందరూ గొప్పగా చెప్పుకుంటారు గానీ మా పేట ఎండేమీ తీసిపోయింది కాదు. రేకుల కప్పు కింద అరవై మందిమి ఉడికిపోతుంటే ఆ యంత్రానికి మాత్రం సొంతంగా ఒక టేబులు ఫ్యాను. అప్పుడే మొదలైంది నా కడుపుమంట, ముందు ఆ డబ్బా మీద, తర్వాత నాగమణి మీద.

ఆ డబ్బాకు తనంతట తానుగా ఏదీ జ్ఞాపకముండదు. రోజూ పొద్దున్నే సిస్టమ్ ఫ్లాపీ అనే నల్లటి పలచని పలకను దాని నోట్లో పెట్టి మీట వేస్తే, గర్రుగర్రుమని చదువుకుని అప్పుడు లేచేది. ఆ నల్లటి కవరుకు మధ్యలో ఒక గుండ్రటి బెజ్జం, కింద కోడిగుడ్డు ఆకారంలో ఒక కిటికీ, ఆ కిటికీలోంచి లోపలి గోధుమరంగు బిళ్ళ తళతళమంటూ కనిపించేది. మా లెక్కల సారు క్లాసులో అందరికీ దాన్ని ఎత్తి చూపించి, ఈ మెరిసేచోట వేలు పడిందా, ఇక అది చచ్చినట్టేనని చెప్పారు. మనిషి వేలు తగిలితే చచ్చిపోయే వస్తువును నేను అంతకుముందు చూడలేదు. అరవై మందిలో ఆ ఫ్లాపీలు పట్టుకునే హక్కు ఒక్క నాగమణికే ఇచ్చారు.

నాగమణిది బెల్లంకొండ. వాళ్ళ నాన్న రాళ్ళ లారీ తోలేవాడు. మా వీధిలోనే వాళ్ళ పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేది. ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం, వేయించిన వేరుశనక్కాయలు ఒకే పొట్లంలో తినేవాళ్ళం. మా నాన్న కోర్టులో టైపిస్టు. నాకు పన్నెండేళ్ళు రాకముందే మిషను చూడకుండా టైపు కొట్టడం వచ్చేసింది. నాగమణి ఒక్కో అక్షరం వెతుక్కుని, కోడి గింజ ఏరుకున్నట్టు ఒక్క వేలితో పొడిచేది. అలాంటిదాన్ని కుర్చీలో కూర్చోబెట్టి నన్ను వెనక నిలబెడితే ఎట్లా ఓర్చుకోను? ఆ మాటే ఒకసారి సారును అడిగేశాను.

"నీ చెయ్యి స్పీడే. దానికి ఓపికుంది. ఈ మిషనుకు స్పీడు కాదు, ఓపిక కావాల," అన్నారాయన.

ఇంటికొచ్చి అన్నం సహించలేదు. వక్కాకు నములుతూ అరుగు మీద కూర్చున్న మా నాయనమ్మ, "ఏందే ఆ మొహం, చింతపండు పిసికినట్టు?" అంది. ఏమీ లేదన్నాను. ఏమీ లేకపోవడమేంటి, నా కడుపులో పొయ్యి రాజేసినట్టుంది. నాగమణికి రెండు జడలూ సమానంగా రావడం కూడా అప్పటినుంచే నాకు గిట్టకుండా పోయింది.

ఆ ఏడు దసరాకు ముందు గుంటూరు నుంచి ఒక కట్ట వచ్చింది. అందులో కొత్త సిస్టమ్ ఫ్లాపీ, ఒక ఉత్తరం. కంప్యూటరున్న ప్రతి బడినుంచీ ఒక పిల్లను పంపితే గుంటూరులో రెండు వారాలు శిక్షణ ఇస్తారట. అక్కడి పాఠాలన్నీ కొత్త సిస్టమ్‌లో ఉంటాయి గనక, ముందు మన బడిలోని మిషనును కొత్త ఫ్లాపీతో లేపడం నేర్చుకున్న పిల్ల పేరు రాసి పంపాలట. సెలవుల తర్వాత వారంలోగా పంపాలి. రాయబోయేది ఎవరి పేరో బడి మొత్తానికీ తెలుసు. ఆ రాత్రి నా కలలో నేను గుంటూరు బస్సెక్కుతున్నాను, కిటికీ పక్క సీటులో ముందే నాగమణి కూర్చుని ఉంది. కలలో కూడా కిటికీ పక్క సీటు దానిదే.

సెలవులిచ్చే ముందు రోజు బడిలో సరస్వతీ పూజ చేసేవాళ్ళం. ఊళ్ళో ఆటోలకు నిమ్మకాయలు కట్టినట్టు, పత్తి మిల్లుల్లో మిషన్లకు పసుపు పూసినట్టు, మా బడిలో త్రాసుకూ, గ్లోబుకూ, హార్మోనియానికీ, కుట్టుమిషనుకూ అన్నిటికీ బొట్లు పెట్టేవాళ్ళం. గుగ్గిళ్ళ మీద పోపు వాసన, పులిహోరలో ఇంగువ వాసన, బంతిపూల పచ్చివాసన వరండా అంతా నిండిపోయేవి. కొత్త ఫ్లాపీని అమ్మవారి పటం ముందు పెట్టి పూజ అయ్యాకే వాడాలని పెద్ద టీచరమ్మ పట్టుబట్టింది. కొత్త బండి కొంటే గుడికి తీసుకుపోకుండా తోలుతామా, ఇదీ అంతేనంది. సారు గొణిగారు గానీ ఆవిడ మాటకు ఎదురు చెప్పలేదు. బొట్లు పెట్టే పని నాది, ఎందుకంటే గంధం పలచన కాకుండా కలపడం నాకు బాగా వచ్చు.

ఫ్లాపీ మీద కాగితం అంటించిన చోట ఒక బొట్టు పెట్టాను. అంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు నాగమణి పక్కకొచ్చి నెమ్మదిగా, "ఏమే, కింద మెరిసేచోట ముట్టుకోబాక," అంది.

మంచిగానే అంది, ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నా వస్తువు జోలికి రావద్దన్నట్టు వినిపించింది. ఓహో, నువ్వు చెప్తే నేను వినాలా? అది పూలు తేవడానికి పోగానే ఉంగరపు వేలు గంధంలో ముంచి, పైన కుంకుమ అద్ది, ఆ మెరిసే గోధుమరంగు మీద సరిగ్గా నడుమ ఒక బొట్టు పెట్టాను. మనిషి వేలు కాదులే, దేవుడి బొట్టేగదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చల్లగా, నున్నగా తగిలింది వేలికి. ఆ తర్వాత ఎవరైనా చూస్తారేమోనని మధ్య బెజ్జంలో వేలు పెట్టి బిళ్ళను కాస్త తిప్పాను. బొట్టు కవరు లోపలికి వెళ్ళిపోయింది. కిటికీలో మళ్ళీ తళతళ. పది రోజుల సెలవులూ ఆ బొట్టు లోపలే ఎండింది.

సెలవులయ్యాక సోమవారం కొత్త ఫ్లాపీ పెట్టారు. మిషను కొంతదూరం చదివి, ఒకచోట గరగరమని గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు ఆగిపోయి, ఆపమంటావా, మళ్ళీ చూడమంటావా, వదిలెయ్యమంటావా అని ఇంగ్లీషులో మూడు మాటలడిగింది. నాగమణి మళ్ళీ చూడమనే మీట నొక్కింది. మళ్ళీ గరగర, మళ్ళీ అవే మూడు మాటలు. మొదటిరోజు కరెంటు హెచ్చుతగ్గులన్నారు సారు. రెండో రోజు తీగలన్నీ పీకి మళ్ళీ తగిలించారు. మూడో రోజు వేడి అన్నారు, కిటికీకి తడి గోతాలు కట్టించారు. పాత ఫ్లాపీ పెడితే కాసేపు దాంతోనూ లేవలేదు, మిషను లోపల ఫ్లాపీని చదివే ముల్లును స్పిరిటు దూదితో తుడిచాక బాగానే లేచింది. మళ్ళీ కొత్తది పెడితే మళ్ళీ అక్కడే ఆగింది. దాంతో ఆయనకు అర్థమైంది, తప్పు మిషనులో లేదు, కొత్త ఫ్లాపీలో ఉంది.

నేను రోజూ వరండాలో చువ్వలు పట్టుకుని ఆ గరగర వినేదాన్ని. నాకు తెలుసు. బడి మొత్తంలో నాకొక్కదానికే తెలుసు. భయం వేసింది, అబద్ధం చెప్పను. కానీ భయం కింద, సిగ్గు విడిచి చెప్తున్నాను, తియ్యగా ఉంది. నాగమణి మెడ వెనక చెమట, దాని ఒంటి వేలు మళ్ళీ మళ్ళీ అదే మీట నొక్కడం, సారు ముఖం చిట్లించడం, అన్నీ పండగ పిండివంటలు తిన్నంత ఇష్టంగా చూశాను.

మూడో రోజు మధ్యాహ్నం, సారు అన్నానికి వెళ్ళినప్పుడు, నాగమణి ఆ ఫ్లాపీని వెలుతురులోకి పట్టుకుని మధ్య బెజ్జంలో వేలు పెట్టి బిళ్ళను కొంచెం కొంచెంగా తిప్పడం చూశాను. తిప్పుతూ తిప్పుతూ ఆగింది. తలెత్తి కిటికీ వైపు చూసింది. నేను స్తంభం చాటుకు తప్పుకున్నాను. మళ్ళీ తొంగి చూసేసరికి ఫ్లాపీ ఎప్పటిలా బల్ల మీద ఉంది, నాగమణి తల వంచుకుని కూర్చుంది. ఏమీ కనపడి ఉండదులే అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు కావాలి.

నాలుగో రోజు మమ్మల్నందరినీ గదిలో నిలబెట్టి, "పూజలో బొట్టు కాగితం మీదే పెట్టారు, అందరం చూశాం. ఆ తర్వాత కొత్త ఫ్లాపీ పట్టుకుంది నువ్వొక్కదానివే. మెరిసేచోట ముట్టుకున్నావా లేదా?" అని సారు నాగమణిని గట్టిగా అడిగారు.

"నేను ముట్టుకోలా సార్."

"మరి ఎవురు ముట్టుకున్నారు?"

ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. నాగమణి నా వైపు చూసింది. నేను బండల మీది గీతల వైపు చూశాను. అది మళ్ళీ సారు వైపు తిరిగి, "తెలీదు సార్," అంది.

నాగమణిని ఆ కుర్చీలోంచి తప్పించేశారు. గుంటూరు వాళ్ళకు ఫ్లాపీ పాడైందని రాసి, శిక్షణకు నా పేరు పంపారు. మిషను లేపడం రాకపోయినా టైపు వచ్చుగదా అన్నారు. బస్సులో కిటికీ పక్క సీటు నాదే అయింది. ఆ రెండు వారాల వల్లే తర్వాత ఈ చదువు చదివాను, ఈ ఉద్యోగం చేశాను, ఇంకొన్నేళ్ళలో రిటైరవుతాను. నాగమణి ఆ తర్వాత కూడా నాతో మాట్లాడింది, శనక్కాయల పొట్లం నా వైపు జరిపింది. ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. పదో తరగతి కాగానే నేను ఒక ఊరు, అది ఒక ఊరు అయిపోయాం. అది లెక్కల టీచరయింది.

ఆమధ్య పేట వెళ్ళినప్పుడు బడికి పోయాను. ఆ గదిలో విరిగిన బెంచీలు పోసి తాళం వేశారు. నీలం తెర లేదు, హార్మోనియం లేదు. గచ్చకాయలంటే ఏంటో అక్కడి ఆడపిల్లలకు తెలియదు. ఇప్పుడు ఎవరి చేతిలో ఫోను వాళ్ళకుంది, ఒకరు ముట్టుకుంటే ఇంకొకరు కిటికీలోంచి చూసి ఏడ్చే రోజులు పోయాయి. కొత్త సిస్టమ్ ఎక్కడినుంచో గాల్లోంచి దిగుతుంది, దానికి పూజా లేదు, బొట్టూ లేదు. ఆ పాత మిషనును ఎవరు తీసుకుపోయారో చెప్పగలిగేవాళ్ళు కూడా బడిలో ఎవరూ మిగల్లేదు.

మొన్న ఆదివారం కంప్యూటరు రేకు అలాగే వదిలేసి, నాగమణి నంబరు సంపాదించి, సోమవారం మధ్యాహ్నం ఫోను చేశాను. కాసేపు పిల్లల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకున్నాం. తర్వాత ఇక ఆగలేక అడిగేశాను.

"ఆ రోజు బిళ్ళ తిప్పినప్పుడు బొట్టు చూశావా?"

"చూడకేం. నీ ఉంగరపు వేలు గుర్తు నాకు తెలీదా?"

"మరి సారుకెందుకు చెప్పలేదే?"

"నేను చెప్తే నిన్ను కొట్టేవాళ్ళు. నువ్వు చెప్తే కొట్టేవాళ్ళు గాదు," అంది. "నువ్వే చెప్తావని చూశా. గుంటూరు బస్సు ఎక్కిందాకా చూశానే," అంది.

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. అంతలో అవతల గంట కొట్టారు. క్లాసుకు టైమయింది, మళ్ళీ మాట్లాడుకుందామంటూ, పిల్లలు టీచర్, టీచర్ అని పిలుస్తుండగా ఫోను పెట్టేసింది. అంత మాట అనేసి అంత తేలిగ్గా క్లాసుకు నడిచిపోగలిగినందుకు, చెప్పొద్దూ, దాన్ని చూసి నాకు మళ్ళీ కుళ్ళొచ్చింది.