ఎనిమిది వందల ఫాంట్లు, లేనిది ఒక్కటే

పాసయ్యాను! మా ఇంట్లో డిగ్రీ అందుకున్న మొదటిదాన్ని నేనే. ఈ మాట బస్ డ్రైవర్‌కీ, కాఫీ షాపులో నాతో పనిచేసేవాళ్లకీ, అడగనివాళ్లకీ చెప్పేశాను. దీనికి అడ్డుపడబోయింది మాత్రం చదువు కాదు, ఒక ఫాంట్.

మా వైపు పిల్లలంతా ఒక్కసారే కెనడా విమానం ఎక్కిన ఏళ్లవి. విండ్సర్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురు అమ్మాయిలం, ఒకే బాత్రూం. నా ముసలి లాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఒక సీనియర్ లినక్స్ ఎక్కించి, "ఇక దీనికి వైరస్ రాదు చెల్లెమ్మా" అని దీవించి వెళ్లాడు. ఏం రాదో చెప్పాడు గానీ అందులో ఏం లేదో చెప్పలేదు.

ఫైనల్ రిపోర్ట్‌కి ప్రొఫెసర్ ఇచ్చిన సూచనల్లో విషయం గురించి రెండు లైన్లు, ఫాంట్ గురించి అర పేజీ. కాలిబ్రి, పదకొండు సైజు, ఇరవై పేజీలు. ఇరవై ఒకటో పేజీ ఆయన చదవరట. ఈ రిపోర్ట్ పోతే డిగ్రీ పోయినట్టే.

నాది ఇరవై నాలుగు పేజీలొచ్చింది. ఫాంట్ తేడానేమోనని, మా ఊళ్లో డీటీపీ సెంటర్ నడిపే బావకు ఫోన్ చేశాను.

"ఫాంట్లా? నా దగ్గర ఎనిమిది వందలున్నాయి మరదలా! ముందు నీ ఫైలు పంపు, చూస్తాను."

పంపాను. ఆయన ఎనిమిది వందలూ జిప్ చేసి పంపాడు. వాటన్నిటినీ ఫాంట్ల ఫోల్డర్‌లో కుమ్మరించాను. అప్పట్నుంచి ఆఫీస్ సాఫ్ట్‌వేర్ తెరుచుకునేలోపు టీ మరిగేది. జాబితా నిండా ముత్యాల అక్షరాలు, తీగలు పాకే అక్షరాలు. కాలిబ్రి లేదు. కానీ పైన గడిలో దాని పేరు కాస్త వాలుగా కనిపిస్తూనే ఉంది. ఉందిలే అనుకున్నాను.

ఇక కోత మొదలుపెట్టాను. వారాల తరబడి బస్టాపుల్లో నిలబడి విద్యార్థుల్ని అడిగి రాసుకున్న సర్వే ఫలితాలు, నాలుగు పేజీలు, తీసేసి సేవ్ చేశాను. కృతజ్ఞతల పేజీ మాత్రం ఉంచాను. అందులో నా ఫొటో ఉంది.

గడువు రోజు పొద్దున, కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసే రూమ్మేట్ అక్క నా స్క్రీన్ చూసింది.

"ఈ పేరు వాలుగ ఉందేందే?"

"అది దాని స్టైల్ అక్కా."

"స్టైలా! ఫాంట్ లేకుంటే పేరు అట్ల చూపిస్తది. లోపల ఇంకేదో వెడల్పు ఫాంట్ వాడుతది. మీ బావ షాపంతా ఈడ దించినవ్, పెళ్లి కార్డులు కొట్టుకుందామనా?"

బావ ఫాంట్లన్నీ తీసేసింది. కాలిబ్రి కొలతలతోనే చేసిన కార్లిటో అనే ఉచిత ఫాంట్‌ని ఒక్క కమాండ్‌తో ఎక్కించింది. ఫైల్ మళ్లీ తెరిస్తే పదహారు పేజీలు! నేను కోసిన నాలుగూ హాయిగా పట్టేవి.

"పాత కాపీ ఏది?" అంది అక్క.

కోసినదాన్ని దాని మీదే సేవ్ చేశానని ఒప్పుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే ఫోన్ కలిపాను.

"బావా, ఆ రోజు పంపిన ఫైలు..."

"ఉండక ఎక్కడికి పోతుంది? వచ్చిన ఫైలు తీసేసే అలవాటు మా షాపులో లేదు మరదలా. పెళ్లి చేసుకుని విడిపోయినోళ్ల కార్డులు కూడా ఉన్నాయి."

పది నిమిషాల్లో ఫైలొచ్చింది. సర్వేతో సహా సరిగ్గా ఇరవై పేజీలు, చివరి దాంట్లో మూడే లైన్లు. పంపించాను. పాసయ్యాను.

బావ షాపు ముందు ఫ్లెక్సీ కట్టించాడు. నా పేరు తీగల అక్షరాల్లో, డిగ్రీ ముత్యాల అక్షరాల్లో, చుట్టూ పూలు. అది చూసి నాకు పెళ్లి కుదిరిందనుకుని వీధిలో వాళ్లంతా అమ్మను పలకరించారట. "పెళ్లి కాదమ్మా, పాసైంది!" అని అమ్మ ప్రతి ఇంటికీ విడిగా చెప్పాల్సి వచ్చింది.

నేనక్కడుంటే నేనూ అదే చేసేదాన్ని.